అరవై మూడు ఇళ్ళకీ నా నంబరే

జూన్ 2

నలభై ఒక్క ఏళ్ళు ఈ ఊరి తెలుగువాళ్ళందరి కష్టాలూ సర్కారుకి బర్మీసులో రాసి పెట్టినవాణ్ణి. అర్జీ అన్నాక పైన ఎవరికి అని రాయాలి. నా కష్టం రాసుకుందామని కూర్చుంటే ఎవరికని రాయాలో తోచలేదు. అందుకని పైన ఏమీ రాయకుండా మొదలుపెడుతున్నాను.

విషయం: హరి.

నిరుడు అమ్మోరి పండగనాడు నాకు సన్మానం చేశారు. నేను అడగలేదు. వద్దనడానికి వ్యవధి కూడా ఇవ్వలేదు. గుడి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి శాలువా కప్పారు. హరి మైకు పట్టుకున్నాడు. "మన జోగి మాస్టారు వార్డు ఆఫీసు ముందర బల్లేసుకుని మనందరి అర్జీలూ రాసినారు. ఇంక ఆయనకి రెస్టు కావాల" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, ఎవరి గురించో అనుకుని.

మెడలో దండతో తిరిగి వచ్చేసరికి నా బల్ల లేదు. బల్ల ఉన్నచోట, మా మేడకి సరిగ్గా ఎదట, హరి ఫొటోకాపీ మిషను, దాని మీద పెద్ద గొడుగు, గొడుగుకి వేలాడుతూ అట్టముక్క: ఫోను మీద సర్కారు పనులు, పది నిమిషాల్లో. నా బల్ల మురిక్కాలవ పక్కన కాళ్ళు పైకి పెట్టుకుని పడుంది. సన్మానం గంటన్నర పట్టింది. బల్ల తీయడానికి పావుగంట చాలు. మిగతా గంటాపావు నన్ను పొగిడారు.

ఎవడీ హరి అంటే, నా పక్కన స్టూలు మీద ఆరేళ్ళు కూర్చుని పని నేర్చుకున్నవాడు. ఏ గుమాస్తాకి పొట్టి వాక్యం ఇష్టమో, ఏ గుమాస్తాకి పొడుగు వాక్యం ఇష్టమో నేను చెబితే తెలుసుకున్నవాడు.

నాకు కావలసింది ఒక్కటే. వాడు మా మెట్లెక్కి వచ్చి, నా ఎదట నిలబడి, "మాస్టారూ" అనాలి. మైకులో అన్నట్టు కాదు. అవసరం పడి అనాలి.

జూన్ 5

పొద్దుట్నుంచి ఫోను టింగుటింగుమంటోంది. నాది బటన్ల ఫోను. దాంట్లో మెసేజీలు రావడం నాకు కొత్త. పెద్ద బహుమతి తగిలింది, వివరాలు పంపండి అనే దొంగలనుకుని మూలపడేశాను. చెల్లి చిన్నమ్మి వంటింట్లోంచి వచ్చింది.

"ఏటన్నియ్యా, ఆ ఫోనుకి జొరమొచ్చిందేటి?"

"దొంగల్లే."

"దొంగలు బర్మీసులో ఇంటి నంబర్లు రాత్తారేటి? సూడు, ఇది పైడితల్లోల్ల ఇంటి నంబరు కాదేటి?"

నిజమే. పైడితల్లి ఇంటి నంబరు, దాని కింద ఆరంకెలు. ఇంకో దాంట్లో ఇంకో ఇల్లు. చదువుతుండగానే పైడితల్లి మెట్లెక్కి వచ్చింది, చేతిలో స్మార్టుఫోను, చెంగులో కరివేపాకు.

"అన్నా, హరి షాపులో నొక్కితే నా కోడు నీ నంబరుకి ఎల్లిపోయిందంట. నువ్వేల తీసుకున్నావు?"

నేను తీసుకోలేదు. నేనే రాసుకున్నాను. అదెలాగో కాయితం మీద పెడితే గానీ నాకే నమ్మకం కలగడం లేదు.

ఈ ఊళ్ళో సిమ్ముకార్డు కొనాలంటే ఇల్లు తాకట్టు పెట్టాల్సిన కాలం ఒకటి ఉండేది. మన వీధి మొత్తానికి ఒకే ఒక్క సిమ్ము, అదీ నాది. దాని కథ వేరు. ఓ ఓడసరుకుల ఏజెంటుకి మూడేళ్ళపాటు ఉత్తరాలు రాసిపెడితే, ఊరు వదిలి పోతూ నా చేతిలో పెట్టిపోయాడు. పెళ్ళాం నగలు కూడా పెడతాడేమోనని చూశాను, పెట్టలేదు. సరే. ఆ రోజుల్లో ఇంటిజాబితా ఫారాలన్నీ నా బల్ల దగ్గరే నింపేవాళ్ళు. ఫోను నంబరు అని ఒక గడి. ఫోనెవరికుంది? గడి ఖాళీగా వదిలితే గుమాస్తా వెనక్కి కొడతాడు. అందుకని ప్రతి ఫారంలోనూ నా నంబరే రాసి పంపేవాణ్ణి. గడి నిండాలి, అంతే. ఆ నంబరుకి ఎవడన్నా ఏనాడన్నా ఏదన్నా పంపుతాడని కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడా ఫారాలన్నీ ఫోన్లోకి ఎక్కించారు. ఎవరింటి మనుషుల పేర్లు వాళ్ళు తెరిచి చూసుకుని "సరే" నొక్కాలి. తెరవడానికి కోడు కావాలి. కోడు ఫారంలో ఉన్న నంబరుకే వస్తుంది. నంబరు మార్చుకోవాలన్నా ఆ పాత నంబరుకి వచ్చిన కోడే కావాలి. వార్డు ఆఫీసు వాళ్ళ చేతిలో ఏమీ లేదు, అంతా ఎక్కడో మిషన్లో ఉంది. గడువు ఈ నెల ముప్పై. దాటితే టౌన్‌షిప్ ఆఫీసుకి తాతల నాటి కాయితాలతో వెళ్ళాలి, అవి లేకపోతే జాబితాలోంచి పేర్లు పోతాయి. తాతల నాటి కాయితాలన్న మాట మన వీధిలో ఎవరి దగ్గరన్నా అని, ఆ మొహం చూడాలి. మన తాతలు ఓడ దిగి రేవులో బస్తాలు మోసినవాళ్ళు. వాళ్ళు కాయితాలు మోశారా?

పైడితల్లికి కోడు చదివి వినిపించాను. కరివేపాకు ఇచ్చి వెళ్ళింది.

జూన్ 6

ఇవాళ పదకొండు ఇళ్ళు.

జూన్ 9

లెక్క తేలింది. అరవై మూడు ఇళ్ళు. మా పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో నాకంటే పెద్దమనిషి లేడు ఈ వారం.

కోడు ఆయుష్షు అయిదు నిమిషాలు. రెండో అంతస్తు ఎక్కి దిగేసరికి ముసలివాళ్ళకి ఆయాసంతో పాటు ఆ అయిదూ అయిపోతున్నాయి. అందుకని కూరలు పైకి లాక్కునే తాడుంది కదా, క్లిప్పు కట్టి గోడవారన వేలాడేసేది, దానికి చీటీ తగిలించి దింపుతున్నాను. కింద హరి షాపులో ఎవరో నొక్కుతారు. పైన నా ఫోను టింగుమంటుంది. చీటీ దిగుతుంది. హరి బోర్డు మీద పది నిమిషాలని ఉంది. అందులో అయిదు నావి.

వాడు తల ఎత్తడు. చీటీ సరిగ్గా వాడి గొడుగు ఎదటే దిగుతుంది. కావాలనే కొంచెం ఊపుతాను.

దలా నుంచి గంగాభవాని వచ్చింది. పెళ్ళయి నది దాటి వెళ్ళి పాతికేళ్ళయినా ఆవిడ ఫారం నా చేతిదే. రేవు దాటి, బస్సు మారి, మా గుమ్మంలో కూర్చుని నొక్కుకుంది. "మాస్టారూ, ఇంట్లో కూకుని పనైపోద్దని ఫోనెట్టారంట గవర్నమెంటోల్లు. నాను పడవెక్కి వొచ్చినాను" అని చాలాసేపు నవ్వింది. ఎండుచేపలు ఇచ్చింది. ఆ ఘుమఘుమ ఇంకా పోలేదు.

జూన్ 11

పొద్దున్న పది గంటలకి ఒక కోడు వచ్చింది. ఇంటి నంబరు చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

హరి ఇల్లు.

ఆ ఫారం నింపిన రోజు నాకు గుర్తుంది. స్టూలు మీద కూర్చుని వాడే నింపుకున్నాడు. ఫోను గడి దగ్గర ఆగి, "మీదే రాసీమంటారా మాస్టారూ" అన్నాడు. రాసుకోమన్నాను. ఊరందరి ఫోన్లూ చక్కబెట్టే మొనగాడి ఇంటికి ఇవాళ్టికీ నంబరు నాదే. ఇన్నాళ్ళూ గిరాకీల గొడవలో సొంతిల్లు ఆఖరికి మిగుల్చుకున్నాడు.

ఫోను బల్ల మీద పెట్టి గడియారం వంక చూస్తూ కూర్చున్నాను. అయిదు నిమిషాలు చిన్న విషయం కాదు. అయిదు నిమిషాల్లో ఒక టీ తాగొచ్చు. తాగాను. చిక్కటి టీ, తీపి ఎక్కువ. కప్పు దించేసరికి కోడు చచ్చింది.

ఇంకో సంగతి కూడా నాకు మాత్రమే తెలుసు. గడువు దాటితే వాడు టౌన్‌షిప్‌లో చూపించడానికి ఒక్క కాయితం లేదు. తాతవీ నాన్నవీ అన్నీ ఆ పెద్ద తుపాను ఏడాది ట్రంకుపెట్టెతో సహా నానిపోయాయి. పోయాయని ప్రమాణపత్రం రాసింది నేనే. "శోధించిననూ లభ్యము కాలేదు" అన్న అర్థం వచ్చే పాత ఆఫీసు బర్మీసు మాట ఒకటి వేశాను, గుమాస్తా మెచ్చుకున్నాడు. ఇంట్లో నాలుగు పేర్లు: హరి, పెళ్ళాం సత్యశ్రీ, కూతురు జయ, తల్లి అచ్చమ్మ. ఆ నాలుగు పేర్లకీ ఈ ఊళ్ళో ఆధారం ఆ జాబితాలో ఒక వరస. అంతే.

సాయంత్రం నాలుక్కి మళ్ళీ వచ్చింది. మళ్ళీ చచ్చింది.

జూన్ 12

పదింటికి ఒకటి. నాలుగింటికి ఒకటి.

జూన్ 13

పది. నాలుగు.

వాడికి తెలియదు పాపం, ఎక్కడికి పోతున్నాయో. మిషను తప్పనుకుంటున్నాడు.

జూన్ 16

చిన్నమ్మి పట్టేసింది. నాలుగింటికి నేను టీ పెట్టమనడం, ఫోను ముందు పెట్టుకుని కూర్చోవడం, తాడు దింపకపోవడం కనిపెట్టింది.

"ఆ కోడు ఎవులిది?"

"ఎవరిదో. రాంగు."

"రాంగైతే రోజూ నాలుగింటికే ఒత్తాదేటి? ఇటియ్యి." ఫోను లాక్కుంది. దానికి అక్షరాలు అంతంతమాత్రం గానీ అంకెలు బాగా చదువుతుంది. "ఇది అచ్చమ్మోల్ల ఇల్లు."

"అయితే?"

"అన్నియ్యా, ఆ ముసల్ది నాకు పురుడు పోసింది."

"నీకు పోసింది, నాకు పోయలేదు కదా."

"నీకు సిగ్గుందేటి?"

సిగ్గు సంగతి తర్వాత. బల్ల మురిక్కాలవలో ఉన్ననాడు ఈ సిగ్గు గురించి హరిని ఎవరన్నా అడిగారా? చిన్నమ్మి అడిగిందా? ఆ రోజు ప్రసాదం రెండోసారి పెట్టించుకుంది, నేను చూశాను. ఇద్దరం ఇలా చాలా మాటలు అనుకున్నాం. రాయడం ఎందుకు. రాత్రి నాకు చారు పోయలేదు.

ఫోను ఇప్పటినుంచి లుంగీ మడతలో పెట్టుకోవాలి.

జూన్ 17

పది. నాలుగు.

మొత్తం పద్నాలుగు చచ్చాయి.

జూన్ 19

వాన విడవకుండా కురుస్తోంది. మధ్యాహ్నం సత్యశ్రీ వచ్చింది, హరి పెళ్ళాం. చిమిండైంగ్ బజారునుంచి వస్తున్నట్టుంది, చేతిలో సంచి, చీర అంచు తడిసి. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మావయ్యా, పదింటిదీ నాలుగింటిదీ మీకు అందుతన్నాయి కదా."

"ఏవి?"

నా వంక అలాగే చూసింది. బడిలో టీచరమ్మ చూసినట్టు. నేను బడికి వెళ్ళలేదు గానీ అలాగే చూస్తారనుకుంటాను. నాకు బర్మీసు అక్షరాలు నేర్పింది రైలుస్టేషను బోర్డులు, తెలుగు అక్షరాలు నేర్పింది గుడి గోడమీద చందాదారుల పేర్లు. వాటిల్లో ఏదీ నన్ను ఇలా చూడలేదు.

"హరికి తెలుసా?" అన్నాను చివరికి.

"మొదటి రోజే తెలుసు. నంబరు ఆఖరి మూడంకెలు ఫోన్లో కనపడతాయి. మీ నంబరు ఆయనకి నోటికొచ్చు."

"తెలిస్తే మరి రోజుకి రెండుసార్లు ఎందుకు నొక్కడం?"

"అడుగుతన్నారు మావయ్యా. ఆయనకి అడగడం ఆపాటే ఒచ్చు."

"మెట్లెక్కి వచ్చి అడగమను."

"రారు."

"రాకపోతే ముప్పయ్యో తారీకు వస్తుంది."

"అదీ చెప్పినాను ఆయనకి" అని సంచి తీసుకుని వెళ్ళిపోయింది. సంచిలోంచి ఓ దోసకాయ జారి మెట్ల మీద దొర్లింది. తీసి ఇద్దామని వెళ్ళేసరికి వీధి దాటేసింది. దోసకాయ ఇక్కడే ఉంది.

అయితే తెలిసే నొక్కుతున్నాడన్నమాట. తెలియక అల్లాడుతున్నాడనుకుని వారం రోజులు సంతోషించాను. ఆ సంతోషం వెనక్కి ఇచ్చేయాలి.

పర్వాలేదు. తెలిసి అల్లాడితే ఇంకా మంచిది.

జూన్ 22

కిందనుంచి ఎవరో "జోగీ" అని కేక. నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో ఇద్దరే మిగిలారు, రెండోవాణ్ణి నేనే, మా చెల్లెలి మీద కోపం వచ్చి నన్ను నేను తిట్టుకున్నప్పుడు. కిటికీలోంచి చూశాను. అచ్చమ్మ. ఎనభై నాలుగేళ్ళు. మెట్లు ఎక్కలేదు గనక హరి షాపు స్టూలు లాక్కుని మా గోడవారన కూర్చుంది. హరి గొడుగు కింద ఏదో సర్దుతున్నట్టు అటు తిరిగాడు.

"పైనుంచి మాటాడతావా, దిగొత్తావా?"

దిగాను.

"నా పేరు జాబితాలో నువ్వే రాసినావు కదా" అంది.

"హరి రాశాడు. నేను చూశాను."

"మా ఆయన సచ్చిపోయినప్పుడు పేరు కొట్టేసింది నువ్వే. నా కాడ కూకుని, సూపించి మరీ కొట్టేసినావు. నాకు గేపకముంది. అలాగే నాదీ కొట్టీ. నాకేటి, రేపో మాపో పోయేదాన్ని. ఆ పిల్ల జయ పేరు మాత్రం నీ గొడవలో పెట్టకు."

"మీ అబ్బాయి నా బల్ల మురిక్కాలవలో పడేశాడు."

"పడేసినాడు. నాను తిట్టినాను. నీకు ఇనపడలేదేమో, నీకు దండేత్తన్నారు అప్పుడు."

"నాతో వచ్చి ఒక్క మాట అనమను."

"నీకు మాట కావాలి, ఆడికి కోడు కావాలి. ఇద్దరూ మగోల్లే కదా, కూకోండి." లేచింది. స్టూలు నా చేతిలో పెట్టింది, వాడికి ఇచ్చేయమని. నేను దాన్ని వీధి మధ్యలో పెట్టి పైకి వచ్చేశాను.

ఇవాళ వాన లేదు. ఉక్క. పావురాలు ఎక్కువయ్యాయి. రాయడానికి ఇంకేమీ లేదు.

నాలుగింటి కోడు వచ్చింది.

జూన్ 27

కరెంటు నిన్నట్నుంచి లేదు. ఫోను చావబోతే కింద టీకొట్టువాడి బ్యాటరీ దగ్గర పెట్టించుకుని గంటసేపు కాపలా కూర్చున్నాను. ఎందుకంటే చార్జింగు లేక కోడు రాకపోతే అది నా పగ కాదు, కరెంటువాళ్ళది. చేతికి వచ్చి చావాలి.

చిన్నమ్మి మాట్లాడటం లేదు. నాకు హాయిగా ఉంది. దోసకాయ పప్పులో వేసింది.

జూన్ 30

పదింటిది పోయింది.

మూడున్నర నుంచి కిటికీ దగ్గరే ఉన్నాను. కుండపోత. ఎదటి షాపులో గొడుగు కింద హరి ఒక్కడే. ఫోను చేతిలో. ఇన్నాళ్ళకి తల ఎత్తాడు. నా వంక చూశాడు. నేనూ చూశాను. జుట్టు నెరిసింది వీడికి, ఎప్పుడు నెరిసిందో.

నాలుగింటికి నొక్కాడు. ఇక్కడ టింగుమంది.

ఒక నిమిషం. ఇద్దరం కదల్లేదు.

రెండు. గొడుగులోంచి బయటికి వచ్చాడు. వానలో నిలబడ్డాడు. మా మెట్ల దాకా పదిహేను అడుగులు ఉంటాయి.

మూడు. ఒక అడుగు వేశాడు. వేశాడనే అనుకుంటున్నాను. నేను లేచాను. చీటీ మీద అంకెలు రాసే ఉంచాను, అది ఎప్పుడు రాశానో నాకు గుర్తులేదు. తాడు కూడా చేతిలో ఉంది. ఇంకొక్క అడుగు వేస్తే దింపేవాణ్ణి.

నాలుగు. ఆగిపోయాడు. నేను లేవడం చూసి ఆగాడు. తాడు నేనే దింపుతాననుకున్నాడు. వాడు వస్తాడని నేననుకున్నాను.

అయిదు.

వెనక్కి వెళ్ళి మిషను మీద పట్టా కప్పి గొడుగు ముడిచేసుకున్నాడు.

గెలిచాను.

గెలిచాను అని ఇంకోసారి రాసి చూసుకున్నాను. అలాగే ఉంది.

జూలై 1

వాన.

జూలై 3

వార్డు ఆఫీసు గుమాస్తా మ న్వే వచ్చింది. మంచి పిల్ల, నా బల్ల తీసేసినప్పుడు ఆఫీసు లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేసింది ఈవిడొక్కతే. చెప్పులు గుమ్మంలో విడిచి వచ్చి కూర్చుంది. బర్మీసులోనే మాట్లాడుకున్నాం, మాస్టారూ అనడానికి సయా అంటుంది.

"సయా, వార్డులో తొమ్మిది ఇళ్ళు మిగిలిపోయాయి. వాటిల్లో ఎనిమిదింటికి పాత కాయితాలున్నాయి."

టీ కప్పు ఆవిడ ముందుకి జరిపాను.

"టౌన్‌షిప్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. ఫోన్లో కాదు, చేత్తో రాసి ఇవ్వాలట. నెట్ లేదని, ఫోను పనిచేయలేదని రాసినవన్నీ కట్టకట్టి అడుగున పెడుతున్నారు. వాటికి మళ్ళీ పాత కాయితాలు అడుగుతారు."

"మరేవి పైన పెడతారు?"

"ఇంకొకరి తప్పు వల్ల ఆగిందని తేలితే ఆ వరస అలాగే ఉంచుతారు. పాత కాయితాలు అక్కర్లేదు. కానీ ఆ తప్పు చేసినవాళ్ళు సంతకం పెట్టాలి. పిలిస్తే వచ్చి నిలబడాలి. తర్వాత వాళ్ళ నంబరు ఎక్కడెక్కడ ఉందో అన్ని ఫారాల్లోనూ కొట్టేస్తారు." టీ కప్పు అందుకుంది. "చేత్తో ఆ బర్మీసు రాసేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు సయా. ఆ తొమ్మిదో ఇంటివాళ్ళతో చెప్పాను, మీ దగ్గరికే వెళ్ళమని."

టీ తాగి వెళ్ళింది. హరి పేరు ఎత్తలేదు. నా పేరూ ఎత్తలేదు. ప్రభుత్వోద్యోగులకి ఇంత తెలివి ఉండకూడదు.

జూలై 5

వచ్చాడు.

మెట్ల మీద అడుగులు విని పోల్చుకున్నాను. ఆరేళ్ళు విన్న అడుగులు. గుమ్మం బయట ఆగి, చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, నా ఎదట నిలబడి, "మాస్టారూ" అన్నాడు.

సంవత్సరంగా ఎదురుచూసిన మాట. చెవిలో పడింది. పడి, ఊరుకుంది. ఇంకా ఏదో జరుగుతుందని కాసేపు చూశాను.

"కూర్చో" అన్నాను. చిన్నమ్మి చాప వేసి లోపలికి వెళ్ళి, తలుపు పక్కనే నిలబడింది. కాళ్ళు కనపడుతున్నాయి.

"అర్జీ రాయాల."

"కారణం ఏమని?"

"నెట్ లేదని రాయండి."

"అది అడుగున పెడతారు."

"తెలుసు."

"తెలిసి అదెందుకు రాయిస్తావు? నీకు కాయితాలు లేవు. కారణం వేరే ఉందని నీకు తెలుసు, నాకు తెలుసు, ఆ తలుపు వెనకాల ఉన్న ఆవిడకీ తెలుసు."

"మీ పేరు నాను రాయించను మాస్టారూ" అన్నాడు. "ఆరోజు బల్ల తీయించింది నానే. చెప్పి తీయించాల్సింది. చెప్పడానికి బయపడి సన్మానం ఎట్టినాను. దానికి మీరు ఈ పని చేసినారు. సరిపోయింది. మీకు డెబ్బయ్యారేళ్ళు, ఆఫీసులో మిమ్మల్ని నిలబెట్టి నా పేరు నిలబెట్టుకోలేను. నెట్ లేదని రాయండి."

ఇది నేను ఊహించలేదు. తిడతాడనుకున్నాను, దానికి జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఏడుస్తాడనుకున్నాను, దానికీ ఉన్నాయి. వీడు నన్ను క్షమిస్తున్నాడు. మా ఇంట్లో, మా చాప మీద కూర్చుని, నా చెల్లెలు వింటుండగా. బల్ల తీసినప్పుడు ఒక సన్మానం, ఇప్పుడు ఇంకో సన్మానం. ఇలా వదిలేస్తే వీడు రేపు నాలుగు పేర్లూ పోగొట్టుకుని కూడా నాకంటే పెద్దమనిషిగా బతుకుతాడు. వీధంతా చెప్పుకుంటుంది. వాడు ఎంత మంచివాడంటే, ముసలాయన్ని ఏమీ అనలేదు, అని.

ఛస్తే ఒప్పుకోను.

"రేపు రా" అన్నాను. "రాసి ఉంచుతాను."

జూలై 6

పొద్దున్న ఆరింటికి కూర్చుంటే మధ్యాహ్నం ఒంటిగంటయింది. నాలుగు కాయితాలు చింపాను. అక్షరం మాత్రం గుండ్రంగానే వచ్చింది. అర్జీ రాసినవాడు కింద సంతకం పెట్టడం ఆనవాయితీ: వ్రాసినది ఫలానా. నా చేతి అర్జీ నలభై ఒక్క ఏళ్ళలో వెనక్కి రాలేదు. అందుకే ఇలా రాశాను. వేరే కారణం ఏమీ లేదు. అడుగుకి పోతుందని తెలిసి ఒక అర్జీ రాయడం వృత్తికి అవమానం.

మధ్యాహ్నం హరి వచ్చాడు. కాయితం ఇచ్చాను. పాత ఆఫీసు బర్మీసు వాడికి నెమ్మదిగా వస్తుంది, వేలు పెట్టి చదివాడు. మూడో పేరా దగ్గర వేలు ఆగింది. కిందికి చూశాడు. మళ్ళీ పైకి వెళ్ళాడు.

"ఇదేటి మాస్టారూ."

"తప్పులున్నాయేమో చూడు."

"ఇరవై రోజులు కోడు వొచ్చినా తెలిసి ఇవ్వలేదని, పాత పగ వల్ల చేసినానని, మీరే రాసుకున్నారు."

"రాతలో తప్పులున్నాయా అని అడుగుతున్నాను."

చాలాసేపు చదివాడు. "లేవు" అన్నాడు.

"పగ అన్నచోట ఒత్తు సరిగ్గా పడిందా?"

"పడింది."

"అయితే పట్టుకెళ్ళు."

లేవలేదు. "వొద్దు మాస్టారూ. మీ నంబరు అన్ని ఇల్లలోంచీ తీసెత్తారు. మిమ్మల్ని పిలిపిత్తారు. ఏటంటారో ఏటో."

"ఒరే, నువ్వు నన్ను వదిలేస్తానన్నావు. వదిలెయ్యడానికి నువ్వెవరు? చేసింది నేను. నా పని నా పేరుమీదే ఉండాలి. నీ దయ మీద కాదు. లే."

లేచాడు. గుమ్మం దగ్గర వంగి నా కాళ్ళు ముట్టుకోబోయాడు. వెనక్కి తీసుకున్నాను. ఆ అవకాశం కూడా ఇవ్వదలచుకోలేదు.

వాడు వెళ్ళాక చిన్నమ్మి తలుపు వెనకనుంచి వచ్చి అన్నం పెట్టింది. రెండుసార్లు చారు పోసింది.

ఒకే కాయితం మీద నావి రెండు సంతకాలు. వ్రాసినది జోగి. తప్పు చేసినది జోగి. రెండోది కొంచెం పెద్దగా పెట్టాను.

జూలై 10

ఫోను పలకడం లేదు. మొన్నటినుంచే కొట్టేయడం మొదలుపెట్టారట. పైడితల్లికి తన నంబరు వచ్చిందని కిటికీ కిందనుంచి చూపించి వెళ్ళింది. కరివేపాకు ఇవ్వలేదు, అవసరం లేదు కదా. తాడు ఇప్పుడు కూరలకే.

ఎదటి షాపులో మామూలుగా జనం ఉన్నారు. పది నిమిషాల్లోనే అవుతున్నట్టుంది.

జూలై 11

మ న్వే చీటీ పంపింది. హరి ఇంటి వరసని ప్రస్తుతానికి కదపలేదట. సోమవారం పది గంటలకి ఇద్దర్నీ టౌన్‌షిప్ ఆఫీసుకి రమ్మన్నారు. అర్జీదారు, తప్పు చేసినవాడు. నేను ఒప్పుకుంటున్నానని నోటితో చెబితే ఆ నాలుగు పేర్లూ ఖాయం. నాకేం చేస్తారో చీటీలో లేదు.

చిన్నమ్మి తెల్ల చొక్కా ఉతికి ఆరేసింది. ఈ వానకి సోమవారం దాకా ఆరదు.

జూలై 13

హరి టాక్సీ మాట్లాడాడట, ఇద్దరం కలిసి వెళ్దామని సత్యశ్రీ చేత కబురు పెట్టాడు. అక్కర్లేదన్నాను. నేను బస్సులో వెళ్తాను. తొమ్మిదింబావుకే చేరి, అక్కడి ఆఫీసరు బల్ల ఎదట ముందు కుర్చీలో కూర్చుంటాను. వాడు వచ్చేసరికి నేను అక్కడ ఉండాలి. జోగి మాస్టారు వస్తాడో రాడో అని వాడు గుమ్మం వంక చూసే అయిదు నిమిషాలు కూడా వాడికి మిగల్చను.